పిల్లికూతలు

మా చెల్లి చిజురుకి ఉబ్బసం. ఒక్క చరణం పాడితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అందుకే తను కట్టిన పాటని కంప్యూటర్ గొంతుతో పాడించింది.

"దీనికి ఊపిరితో పనిలేదక్కా, అదృష్టవంతురాలు!" అనేది.

శవపేటికలో పడుకున్న పిల్ల, "కాళ్ళు చల్లబడ్డాయి, మేజోళ్ళు తొడగండర్రా" అని చుట్టాల్ని సతాయించే పాట అది. ఒసాకా కుర్రకారు పడీపడీ నవ్వారు. స్టేషన్ పక్క ఆటల సెంటర్లో, పాటకి తాళం తప్పకుండా బటన్లు కొడుతూ ఆడే మిషన్‌లోకీ అది ఎక్కింది.

చిజురు పోయాక, డ్యూటీ దిగి రోజూ అక్కడికే వెళ్తున్నాను. నిన్న రాత్రి నేనొక్కదాన్నే మిగిలాను.

"ఇదే ఆఖరాట, మిజుహో! సొంత చెల్లి పాటకి ఇంత ఘోరంగా తాళం తప్పేది నువ్వొక్కదానివే," అంటూ యజమాని యానసె తాత షట్టర్ సగం దించాడు.

మేజోళ్ళ మాటకి ముందు పాట ఒక్క క్షణం ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో మిషన్ ఊపిరి పీల్చింది. సన్నగా, పిల్లికూతతో.

తాత వెనక్కి తిరిగాడు. "ఇదెప్పుడు చేర్చారమ్మాయ్?"

పాట ముందుకి సాగలేదు. కూతలు మాత్రం పెరిగాయి. చిజురు ఇన్‌హేలర్ ఇంకా నా సంచిలోనే ఉంటుంది. ఏమీ ఆలోచించకుండా దాన్ని స్పీకర్‌కి ఆనించి నొక్కాను.

కూతలు మెల్లగా సర్దుకున్నాయి.

"హమ్మయ్య," అంది కంప్యూటర్ గొంతు. "కాళ్ళు చల్లబడ్డాయక్కా."

పాటలో అక్క ఊసే లేదు.

వంగి బూట్లు విప్పాను. నా మేజోళ్ళు వెచ్చగానే ఉన్నాయి.