గనిలో వాటా

“కొబ్బరితోట అమ్మేసి, ఇంకా తవ్వని బంగారు గనిలో పెడతారా?” జాస్మిన్ అరిచింది.

“నోరు ముయ్యి! బంగారం తీసినన్నాళ్లూ మనకి వాటా వస్తుంది,” భర్త సుభాష్ కసిరాడు.

ఏజెంటు దత్తసాయి ఫోన్లో వీడియో చూపించాడు. “పని మొదలైందండీ, చూడండి.”

పచ్చటి చేలో డ్రిల్లింగు యంత్రం. దాని ముందు ఒక ముసలామె అడ్డంగా పడుకుని శాపనార్థాలు పెడుతోంది.

“ఈవిడెవరు?” సుభాష్ అడిగాడు.

“పొలం ఆవిడదేనండీ. త్వరలో ఖాళీ చేయించేస్తారు, మీరేం కంగారు పడకండి.”

సుభాష్ మళ్లీ చూశాడు. గ్యాస్ బావి కోసం తమ తోటలోకి యంత్రాలు వచ్చినప్పుడు అమ్మ కూడా ఇలాగే పడుకుంది. ఆమెను ఈడ్చి పక్కన పడేశారు.

“లెగండి,” అన్నాడు దత్తసాయితో.

“అడ్వాన్సు ఇచ్చేసేరు కదండీ, తిరిగి రాదు.”

“పోతే పోయింది. ముందు నా గుమ్మం దిగండి!”