పద్నాలుగు అరికాళ్ళు

చాప కింద ఎంతమంది ఉన్నారో ఎడ్నా బండిలోంచే లెక్కపెట్టేసింది. రోడ్డు వైపు పన్నెండు అరికాళ్ళు కనిపిస్తున్నాయి. అంటే ఆరుగురు.

ముప్పయ్యేళ్ళు న్యూజిలాండ్‌లో మేకులూ తాళాలూ అమ్మిన మనిషి ఆమె. ఏది కనిపించినా, లెక్క తేలందే చూపు ముందుకు కదలదు. సవాయీ ద్వీపం చూద్దామని పొద్దున్నే పడవ దిగింది.

"ఎవరు వాళ్ళు? ఎందుకలా మోకరిల్లారు?"

"క్షమాపణ అడుగుతున్నారమ్మా," అన్నాడు డ్రైవరు ఫెరేటి. బండి వేగం పెంచాడు. "వాళ్ళ కుర్రాడు ట్రక్కుతో ఆ ఇంటి మనిషిని గుద్దేశాడు. ప్రాణం దక్కలేదు. అందుకని వాళ్ళ పెద్దలు తెల్లవారకముందే వచ్చి, తలలు వంచి, మీద చాప కప్పుకున్నారు. ఇంటాయన వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు."

"ఎత్తకపోతే?"

ఆ ఇంటి రాతిగోడ మీద ఇద్దరు యువకులు కూర్చుని పొడవాటి కత్తులు నూరుతున్నారు. బండి చప్పుడుకి ఇద్దరూ తలెత్తి అలాగే చూశారు.

ఎడ్నా గబుక్కున సీట్లో కిందికి జారింది. పక్కనున్న చిన్న సంచీ పడబోయింది.

"దాన్ని పడనివ్వకండమ్మా. సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళాలి," అన్నాడు ఫెరేటి అద్దంలోంచి.

"ఆ కత్తులవాళ్ళు ఇంటాయన తమ్ముళ్ళా?"

"అవును. అన్న మాట కోసం చూస్తున్నారు."

"పోలీసులు లేరా?"

"ఎందుకు లేరు? ఊరి చివర నీడలో కూర్చున్నారు. వాళ్ళూ ఆ మాట కోసమే చూస్తున్నారు."

"ఇంతకీ ఆ అన్న ఎక్కడ?"

"చీకటితోనే ఎటో వెళ్ళాడు."

"తప్పించుకు తిరుగుతున్నాడన్నమాట."

"అలాగే అనుకోండి."

ఫెరేటి మొదట బండి ఆపింది తన అత్త తాలితా ఇంటి దగ్గర. అక్కడ చెట్టు బెరడును సాగగొట్టి బట్ట చేస్తారు. తాలితా చేతిలో చెక్క సుత్తి, నోటినిండా హాస్యం. ఎడ్నా చేతికీ ఓ సుత్తి ఇచ్చి, "మీ ఆయన్ని తలచుకుని కొట్టండి, బాగా సాగుతుంది!" అంది. ఆ తర్వాత ఫెరేటి వైపు తిరిగి తమ భాషలో గొంతు తగ్గించింది.

"ఈరోజు కూడా బండి తీశావుట్రా?"

"ముందే ఒప్పుకున్న బేరం అత్తా."

"బేరమట బేరం! ఎంతసేపు తిప్పుతావు?"

"చూడాల్సినవి చాలా ఉన్నాయి."

"ఎవరికి? ఆవిడకా, నీకా?"

తాలితా కాల్చిన సీమపనస ముక్క ఫెరేటి చేతిలో పెట్టింది. అతను తినలేదు.

మధ్యాహ్నం మళ్ళీ అదే దారి. తీరం చుట్టూ ఉన్నది ఒక్కటే రోడ్డు. ఎండకి చాప నుంచి ఆవిరి లేస్తున్నట్టుంది. ఒకవైపు బాగా వాలిపోయింది. కింద ఎవరో ముసలాయన ఆగకుండా దగ్గుతున్నాడు. ఇంటికి చుట్టూ తెరలు దించే ఉన్నాయి. అరికాళ్ళు మాత్రం పన్నెండే.

"ఆపండి. నీళ్ళిస్తాను."

"మనం ఇవ్వకూడదమ్మా. ఆ ఇంటి చేతుల మీదుగా వస్తేనే తాగుతారు."

"ఆ ముసలాయన చచ్చిపోతాడు! ఆ ఇంటాయనది గుండేనా, నా కొట్లో ఇనపతాళమా?"

"తాళమేనమ్మా," అన్నాడు ఫెరేటి. "తాళంచెవి ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తు రావట్లేదు."

బండి ఆగలేదు.

తీరంలో సముద్రం రాతికన్నాల్లోంచి ఆకాశానికి చిమ్ముతోంది. ఫెరేటి ఓ కొబ్బరికాయ కన్నంలోకి విసిరాడు. నీళ్ళు దాన్ని తాటిచెట్టంత ఎత్తుకి తన్నాయి. ఎడ్నా అటు చూడలేదు. ఆమె లెక్కంతా చాప కింద వాళ్ళదే: తెల్లవారుజాము ఐదు నుంచి రెండున్నర దాకా. తొమ్మిదిన్నర గంటలు.

"ఇంకో జలపాతం ఉందమ్మా. దీనికి మీరేం ఇవ్వక్కర్లేదు."

అడక్కుండా కొసరు వేసేవాణ్ణి ఎడ్నా ఎప్పుడూ నమ్మలేదు.

"నాకు నాలుగింటి పడవ ఉంది. రేవుకి పోనివ్వండి."

"రేవుకి ఆ ఇంటి మీదుగానే వెళ్ళాలి."

"తెలుసు. పోనివ్వండి."

దూరం నుంచే ఎడ్నా లెక్క మొదలుపెట్టింది. పద్నాలుగు వచ్చింది. తప్పేమోనని మళ్ళీ లెక్కపెట్టింది. పద్నాలుగే. చివరి రెండూ అరచేతికంటే కాస్త పెద్దవి, అంతే. మడమల దాకా ఎర్రమట్టి. గోడ పక్కన పెద్దల చెప్పుల వరస చివర చిన్న బడి చెప్పులు, విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.

"చిన్నపిల్ల!" అంది ఎడ్నా. "చిన్నపిల్లని కూడా కూర్చోబెట్టారా?"

"ఆ పెద్దల ఇంటి పిల్లే. ఎవరూ కూర్చోబెట్టరు. బడి వదిలాక తనే వచ్చి దూరి ఉంటుంది."

ఆ రోజు ఆ ఇంటి ముందు మొదటిసారి ఫెరేటి కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

"ఎన్నేళ్ళుంటాయి దానికి?"

"ఏడు. రెండో తరగతి." ఫెరేటి చూపు అద్దంలోంచి వెనక సీట్లోని సంచీ మీదికి వెళ్ళింది. "కిటికీ పక్క బెంచీ."

గోడ మీది యువకులిద్దరూ లేచారు. చేతుల్లో కత్తులతో తిన్నగా బండి వైపే నడిచి వస్తున్నారు.

"ఫెరేటీ, వస్తున్నారు! బండి కదిలించండి!"

ఫెరేటి ఇంజన్ ఆపేశాడు.

వెనక సీట్లోంచి ట్రక్కు బలిగొన్న తన కూతురి బడిసంచీ తీసి భుజాన తగిలించుకుని, తమ్ముళ్ళిద్దరినీ కత్తులు కింద పెట్టమని సైగ చేసి, అతను తన ఇంటి ముంగిట్లోకి నడిచి ఆ చిన్న పాదాల వైపు నుంచి చాప ఎత్తాడు.