మోగని మెట్టు

"ఆ పిల్ల పాట మధ్యలో ఒక్క క్షణం ఆపింది చూడండీ, నా ఊపిరి ఆగిపోయిందనుకోండి!"

టీ కప్పు పట్టుకుని మిసెస్ ప్లంకెట్ అంటుంటే, కచేరీ ఇంటర్వెల్‌లో పియానోలాంటి పాతకాలపు వాద్యం హార్ప్సికార్డ్‌ను శ్రుతి చేస్తున్న వినిఫ్రెడ్‌కు ఒళ్లు మండింది. ఈ మేనర్ బంగళా హాల్లో ఇరవై వేసవులు తనే వాయించింది. వేళ్లు వంకర్లు పోయాక శ్రుతి చేసే పని మిగిలింది. అన్నేళ్లలో ఒక్కనాడైనా ఈవిడగారి ఊపిరి ఆగిందా?

ఇందాక వాయించిన టామ్సిన్ వచ్చి పక్కన నిలబడింది. "బాగానే వచ్చిందాండీ?"

"పుస్తకంలో అక్కడ స్వరం ఉందమ్మాయ్. దాన్ని మింగేసి చప్పట్లు కొట్టించుకోవడం ఏం విద్య?"

టామ్సిన్ మొహం చిన్నబోయింది. "మీ దగ్గర నేర్చుకున్నదేనండీ. ఈ హాల్లో మీరు వాయించిన క్యాసెట్ చిన్నప్పుడు అరిగిపోయేదాకా విన్నాను. మీరు అక్కడే ఆపారు. పుస్తకం చూశాక కూడా నాకు మీదే ఒప్పనిపించింది."

వినిఫ్రెడ్ చెయ్యి ఆగిపోయింది. ఆ రికార్డింగ్ రోజు వాద్యం లోపల తీగను మీటే ఈక విరిగి, ఆ ఒక్క మెట్టూ మోగలేదు. సిగ్గుతో ఆ క్యాసెట్ తను మళ్లీ వినలేదు. ఇరవై ఏళ్లు వాయించిన స్వరాలన్నీ పోయి, వాయించనిది ఒక్కటే ఈ పిల్లకు అందిందన్నమాట.

"అయితే అది మీ సొత్తా, వినిఫ్రెడ్ గారూ!" మిసెస్ ప్లంకెట్ కళ్లు పెద్దవి చేసింది.

ఇన్నాళ్లూ కోరుకున్న మెప్పు కాళ్ల దగ్గరికే వచ్చింది.

"నాది కాదు. నాకు ఈక విరిగింది," అంది వినిఫ్రెడ్ విసురుగా. "ఆపింది ఈ పిల్లే."