వెనక్కి తిరిగిన చుక్క

"అఖిలేష్, మా అల్లం వాపస్ వస్తుంది!"

రేఖ ఫోన్లో అరిచిన అరుపుకి వాకిట్లో జొన్నలు చెరుగుతున్న అత్త నీలమ్మ చేట ఆపింది.

"ఏం మాట్లాడుతున్నవక్కా? మీ కంటైనర్ పొద్దున తొమ్మిదింటికే హైదరాబాద్ డిపోల గూడ్సు బండి ఎక్కింది. రేపటికల్ల బొంబాయి రేవుల ఉంటది," అన్నాడు అఖిలేష్. లారీ, రైలు, ఓడ, మూడింటినీ మాట్లాడిపెట్టిన ఏజెంటు అతనే.

"రైలెక్కితే పటాన్‌చెరు సడక్ మీద ఎందుకుంటది? రైలేమన్న హైవే మీద నడుస్తదా?"

"డిపోకు ఫోన్ చేసి చెప్త. జర ఆగు."

ఆగడం రేఖ వల్ల కాలేదు. కంటైనర్ ఎక్కడుందో ఫోన్లో చూపించే చిన్న ట్రాకర్ని దాని అడుగున అతికించింది తనే. పొద్దున దాకా డిపోలో బుద్ధిగా కూర్చున్న ఎర్రచుక్క ఇప్పుడు ఫోన్ తెర మీద తమ ఊరు జహీరాబాద్ వైపు పాకుతోంది. ఓడ ఎల్లుండి. అది తప్పితే దుబాయి బేరం కూడా తప్పినట్టే. రేఖ మాట మీద న్యాల్‌కల్‌లో పది ఇళ్లవాళ్లు తవ్వి ఇచ్చిన అల్లం అది.

"పడమట ఉన్న బొంబాయికి సరుకును తూర్పుకు పంపితివి. ఇగ తూర్పుకు తిరిగి దండం పెట్టుకో," అంది నీలమ్మ.

"రైలు అక్కడనే ఎక్కాలె అత్తమ్మా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"రైలెక్కేదాక చూసొస్తనని మీ మామ లారీల పోయిండు గద. ఆయన్నే అడుగరాదు?"

"అడుగుదమంటే ఫోన్ బంద్ ఉంది."

"ఉంటది. ఊకె ఆన్ ఉంటే చార్జింగ్ ఒడుస్తదని బంద్ పెట్టుకుంటడు. ఫోన్‌కు గూడ ఉపాసమే ఆయన తాన."

చుక్క సంగారెడ్డి చౌరస్తాలో ఆగింది. పది నిమిషాలు కదల్లేదు. రేఖ వంటింట్లోకి వెళ్లి పప్పు కలిపింది, ఉప్పు వేసిందో లేదో మరిచిపోయి మళ్లీ వేసింది, వాకిట్లోకి వచ్చింది. చుక్క కదిలింది. సదాశివపేటలో మళ్లీ ఆగింది.

"ఆ డ్రైవర్‌గాడు ఊరూరికి దిగి చాయ్ తాగుతున్నట్టుండు," అని పళ్లు కొరికింది.

నీలమ్మ చేట పక్కన పెట్టి కోడలి భుజం మీదుగా ఫోన్లోకి తొంగి చూసింది. "అవునే, బొంబాయి సడక్ గూడ ఇదే గద! రైలు కాదని లారీలనే తీస్కపోతున్నరేమో. మన ఊరు దాటి ముందుకు పోయిందంటే కొబ్బరికాయ కొడ్త."

అత్త నోటినుంచి మంచి మాట రావడం ఆ రోజుకి అదే మొదలు. రేఖ ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

ఇంతలో అఖిలేష్ ఫోన్. "ఎక్కించినమనే అంటున్నరక్కా. కంటైనర్ నంబర్ గూడ చెప్పిన్రు."

"నంబర్‌దేముంది, ఎవరైనా రాసుకుంటరు. ఇగో, నా ఫోన్ల కనబడేది ఫొటో పంపుతున్న. నువ్వే చూడు."

ఫొటో చేరింది. "గిదేంది… కోహీర్ చౌరస్తా!" అతని గొంతు తగ్గింది. "అయితే ఇంకెవరి డబ్బనో ఎక్కించి మన నంబర్ రాసుకున్నరేమో. అక్కా, ఓడల మన జాగ కోసం ఇంకో పార్టీ నిలబడ్డది. ఉంచుకుంటరో వదులుకుంటరో రెండింటిలోపు చెప్పాలె. ఉంచుకొని సరుకు అందకుంటే ఖాళీ జాగకు కిరాయి మీ నెత్తినే పడ్తది."

"మళ్ల ఓడ?"

"ఇరవై దినాలకు."

గడియారం ఒకటీ యాభై చూపిస్తోంది. చుక్క జహీరాబాద్ దగ్గరికి వచ్చింది. అత్తా కోడలూ తలకు తల ఆనించి చూస్తున్నారు. "ముందుకు పో, ముందుకు పో," అని రేఖ పెదవులు కదులుతూనే ఉన్నాయి.

చుక్క హైవే దిగి ఊళ్లోకి మళ్లింది.

"ఇగ ఆ కొబ్బరికాయ చట్నీకే," అంది నీలమ్మ. అన్నదే గాని ఆమె కూడా తెర మీంచి చూపు తిప్పలేదు.

రేఖ ఫోన్ చెవికి పెట్టుకుంది. "వదిలేయ్ అఖిలేష్. ఆ జాగ వాళ్లకే ఇచ్చేయ్."

"పక్కానా అక్కా? మళ్ల అడిగితే దొరకది."

"కండ్ల ముందర కనబడ్తుంటే ఇంక పక్కా ఏంది? ఇచ్చేయ్."

"సరే… ఇచ్చేసిన."

కొంగుతో మొహం తుడుచుకుని రేఖ లేచింది. లారీకి అడ్డం లేకుండా స్కూటర్ పక్కకు జరిపింది. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. చుక్క వాళ్ల గల్లీలోకి తిరిగింది. లారీ చప్పుడు మాత్రం లేదు.

ఒక ఆటో వచ్చి ఆగింది. మామ గురులింగప్ప దిగాడు. ఒళ్లంతా దుమ్ము, మొహం నిండా నవ్వు.

"లారీ ఏది మామా?" అంది రేఖ గల్లీ చివరిదాకా చూస్తూ.

"లారీ ఎందుకుంటది? నేను బస్సుల వచ్చిన. ఏం ఫికర్ చెయ్యకు బిడ్డా. రైలు కదిలి కండ్లకు కనబడకుండ పోయేదాక గేటు కాడనే నిలబడ్డ."

గురులింగప్ప ధోవతి మడతలోంచి అగ్గిపెట్టెంత నల్లడబ్బా తీశాడు. తువ్వాలుతో తుడిచి, ప్రసాదం పెట్టినట్టు కోడలి అరచేతిలో పెట్టాడు.

"గింత కిమ్మతి సామాను కంటైనర్ కింద మర్చిపోయినవ్ బిడ్డా, దొంగలు ఎత్తుకపోతరని నేనే పీక్కొచ్చిన!"