నర్సింగ్ దొరికేదాక

"నర్సింగ్ ఉన్నడా?"

మూతపడిన కంపెనీ గేటు ముందు, పనిముట్ల సంచి పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి తలెత్తాడు. ఎదురుగా పదేళ్ల పిల్ల. పాశమైలారం గాలిలోని మందుల వాసనకు చున్నీని ముక్కుకూ చెవులకూ కలిపి బిగించి చుట్టుకుంది. చేతిలో బట్టల సంచి.

"ఏ నర్సింగ్?"

"మా మేనమామ. ఈ కంపెనీలనే చేస్తడంట. మాది హత్నూర. నా పేరు సృజన."

అతను గేటుకున్న తాళాన్ని చూశాడు. "కంపెనీ బందైంది బిడ్డా. ఎవల తొవ్వ వాళ్లు పట్టిన్రు."

"మరి నువ్వెందుకు కూసున్నవ్ కాకా?"

"అలవాటు."

"నీ పేరేంది?"

"ఫిట్టర్ అంటరు."

అక్కడ మనుషుల్ని పనితోనే పిలుస్తారు. ఫిట్టర్, వెల్డర్, బాయిలర్. పని పోయాక టమాటాలు అమ్ముకుంటున్నా, బాయిలర్ ఇప్పటికీ బాయిలరే.

"మీ అమ్మ రాలేదా?" అని అడిగాడు ఫిట్టర్.

"అమ్మ వానకాలంల పోయింది. జ్వరమొచ్చి. నాయిన అంతకుముందే పోయిండు."

ఫిట్టర్ సంచిలోంచి ఒక పానా తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టాడు. తర్వాత అదే పానా మళ్లీ తీసి తుడిచాడు.

"మీ మామకు ఎవరు చెప్పలేదా?"

"ఫోన్ కలువలే. సోమమ్మవ్వ ఇంట్ల ఉంటున్న. పక్కింటామె. ఇప్పుడు ఆమెకే కూలి దొరుకుతలేదు. మీ మామది కంపెనీ నౌకరి, నిన్ను మంచిగ సూసుకుంటడు, పో అని ఆటో ఎక్కిచ్చింది."

"కంపెనీ నౌకరి," అన్నాడు ఫిట్టర్. "ఇప్పుడు ఆయనకే తిండికి పరేషాన్. నీకేం పెడ్తడు?"

"నేను ఎక్కువ తినను."

ఫిట్టర్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "పా, అడిగి సూద్దాం. దొరకకుంటే ఇస్నాపూర్ల ఆటో ఎక్కిస్త, మళ్ల మీ అవ్వ దగ్గరికే పోదువు."

మొదట మొగులమ్మ చాయ్ బండి దగ్గర ఆగారు.

"మొగులవ్వా, నర్సింగ్ అని ఎవరన్న ఎరుకేనా? ఈ పిల్లకు మేనమామ. తల్లి సచ్చిపోయిందంట."

మొగులమ్మ అతన్నీ చూసింది, పిల్లనూ చూసింది. ఈలోగా చాయ్ పొంగి స్టవ్ మీద పడింది.

"ఎట్లాంటోడు? మంచోడేనా?"

"అంతంత మాత్రమే."

"గట్లాంటోడు దూరమేం పోడు. సక్కగ దేవులాడు," అంది మొగులమ్మ. పిల్లకు చాయ్‌తో పాటు, అడగకపోయినా బన్ను ఇచ్చింది.

సృజన చున్నీని ముక్కు మీంచి మాత్రం గడ్డం కిందికి లాగి బన్ను తినసాగింది.

"మీ మామను సూస్తే గుర్తువడ్తవా?" అన్నాడు ఫిట్టర్.

"ఊహూ. నాకు చెవులు కుట్టిచ్చినప్పుడు ఒళ్లె కూసోబెట్టుకున్నడంట. గదే ఆఖరు. తర్వాత అమ్మతోని లొల్లి పెట్టుకుని ఇంటికి రాలేదు. కంసాలాయన కుడుతుంటే మామ భయపడి కదిలిండంట. ఒక చెవి బొక్క కిందికి పోయింది."

"మామ కదిలిండని ఎవరన్నరు? పిల్లలే తల తిప్పుతరు. అయినా ఎడమ చెవికి జెర పెద్ద కమ్మ పెడితే కనవడదు తియ్."

సృజన నమలడం ఆపింది. చున్నీ మీదుగానే ఎడమ చెవిని తడుముకుంది.

"ఇంకో దగ్గర అడుగుదాం కాకా," అంది.

పెద్దరాములు కిరాణా దుకాణంలో చీపుర్లు కడుతున్నాడు. "నర్సింగా?" అని నవ్వబోయాడు.

"తల్లి సచ్చిపోయిందంట. పిల్ల ఒక్కతే వచ్చింది," అన్నాడు ఫిట్టర్.

పెద్దరాములు నవ్వు దగ్గుగా మారింది. "పొద్దున ఈడనే ఉండె. ముఖం సూపెట్ట సిగ్గయి తిరుగుతుండొచ్చు." పిల్ల వైపు వంగాడు. "దొరికితే ఏమంటవ్ బిడ్డా? తిడ్తవా?"

"ఏమనను. ఆకలైతే చెప్త."

ఆ మాటకు ఇద్దరు మగవాళ్లూ చీపుర్లను చూస్తూ నిలబడ్డారు.

ఇస్నాపూర్ చౌరస్తాలో హత్నూర వైపు పోయే ఆటో సిద్ధంగా ఉంది. డ్రైవర్ కేకలు వేస్తున్నాడు.

"ఎక్కుతవా?" అన్నాడు ఫిట్టర్.

"మామ దొరకలే గద."

"దొరికితే మాత్రం ఏమున్నది? కిరాయి అర్ర. పని లేదు. గ్యాస్ అయిపోతే కట్టెల పొయ్యి."

"ఎవరికి?"

"మీ మామకే. అందరికి గట్లనే ఉన్నది ఇప్పుడు."

ఆటో హారన్ కొట్టింది. ఫిట్టర్ పిల్ల చేతిలోని బట్టల సంచి అందుకుని ఆటో వైపు రెండడుగులు వేశాడు. అక్కడే ఆగాడు. డ్రైవర్ ఇంకోసారి హారన్ కొట్టి, విసుక్కుని వెళ్లిపోయాడు.

"జాగ లేదు," అన్నాడు ఫిట్టర్.

"అవు, మస్తుమంది ఉన్నరు," అంది సృజన, సగం ఖాళీగా పోతున్న ఆటోను చూస్తూ.

ఇంటికి చేరేసరికి ఫిట్టర్ భార్య కౌసల్య గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"ఎవరీ పిల్ల?"

"నర్సింగ్ కోసం వచ్చింది. మేనకోడలంట. హత్నూర. తల్లి వానకాలంల పోయిందంట."

చాట ఆగిపోయింది. కౌసల్య కొంగుతో ముఖం ఒత్తుకుని, చాలాసేపు భర్తనే చూసింది.

"మరి నర్సింగ్ దొరికిండా?"

"ఇంకా లేదు."

"ఎన్నడు దొరుకుతడో," అంటూ ఆమె లోపలికి వెళ్లింది. డబ్బా మూత తీసిన చప్పుడైంది. ఇంకో దోసెడు బియ్యం తెచ్చి చాటలో పోసింది.

ఫిట్టర్ బట్టల సంచిని గోడ పక్కన ఆనించాడు. నిలబడక ఒరిగితే మళ్లీ సరిచేశాడు. పిల్ల ముఖం చూడకుండానే అన్నాడు.

"మీ మామ దొరికేదాక ఈడనే ఉండు బిడ్డా. సరేనా?"

సృజన చున్నీ విప్పి తలుపు మేకుకు తగిలించింది. చెవులకు కమ్మల్లేవు, వేపపుల్లలున్నాయి. ఎడమది కొంచెం కిందికి ఉంది.

"సరే నర్సింగ్ మామా."