మూడో ఫోటో

కెమెరా కొని వారమైంది. రాత్రి ఫోటోలు నేర్చుకుందామని మేడెక్కి, ఎవరూ వచ్చి చెడగొట్టకుండా తలుపు గడియ పెట్టాను. ఒక్కోటీ ముప్పై సెకన్ల చొప్పున, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగుతూ మూడు ఫోటోలు తీసేలా కెమెరాను స్టాండుకు బిగించాను. వెళ్ళి పిట్టగోడకు ఆనుకున్నాను. తీసింది తీసినట్టు నా ఫోన్‌లోకి వస్తుంది.

మొదటిదాంట్లో నా మొహం అలికేసినట్టుంది. స్టూడియో నడిపే అక్కకు పంపితే, ఫోన్ చేసి ఒకటే నవ్వు.

"ఊపిరి పీల్చావు కదూ? అంతసేపట్లో ఆ మాత్రానికే చెదిరిపోతుందిరా. నాకే కుదరదు."

రెండోదానికి ఊపిరి బిగబట్టాను. పన్నెండు లెక్కపెట్టేసరికి నావల్ల కాలేదు. అదీ చూడకుండానే పంపాను.

అక్క లైన్లోనే ఉంది.

"నువ్వు మళ్ళీ చెదిరావు. ఆవిడ మాత్రం భలే నిలబడిందిరా. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు."

"ఏ ఆవిడ?"

"నీ పక్కనున్నావిడ."

తలుపు వైపు చూశాను. గడియ పెట్టినట్టే ఉంది. పక్కకు మాత్రం చూడలేదు.

అంతలో మూడో ఫోటోకు కెమెరా టక్కుమంది.

ఈసారి ఊపిరి బిగబట్టడం ఏమంత కష్టం కాలేదు.