జెముడు కమలం

"ఆ సెట్టుకి నీల్లు పొయ్యకమ్మా. సచ్చిపోద్ది."

గేటు బయటినుంచి మాట వినబడి విమల చేతిలో చెంబు ఆగిపోయింది.

ఎవరో ముసలాయన. మోచేతుల దగ్గర చిరిగిన కోటు, చేతిలో కొబ్బరికాయ ఉన్న సంచీ.

దక్షిణాఫ్రికాలోని ఈ పీటర్‌మారిట్జ్‌బర్గ్ వచ్చి ఏడాది కావస్తోంది. వీధిలో తెలుగు మాట చెవిన పడడం ఇదే మొదలు. అదీ శుక్రవారం పొద్దున్నే, చచ్చిపోద్దన్న మాట!

"ఎవరండీ మీరు?"

"గుడికెల్తన్నా. పెతి సుక్కురారం ఇటే ఎల్తా. నీ సెట్టు సూత్తా. నీల్లెక్కువైపోయినయ్."

"ఇది బ్రహ్మకమలమండీ. కమలానికి నీళ్ళు పోయకపోతే ఎలా?"

ముసలాయన నవ్వాడు. "పేరుకే కమలం. ఇది జెముడు. కాక్టస్. ఇక్కడిప్పుడు సలికాలం కదా, నిద్దరపోనీ. సెప్టెంబర్ దాకా ముట్టుకోకు."

విమలకి ఒళ్ళు మండిపోయింది. దేవుడి పువ్వుని పట్టుకుని జెముడంటాడా! ఇంటి ముందు జెముడు పెట్టుకునే మొహాల్లా కనిపిస్తున్నారా తాము? ఆషాఢం వచ్చేసింది. కాకినాడలో ఈపాటికి మొగ్గలు వేసేసుంటాయి. ఈయనొచ్చి నిద్రపోనిమ్మంటాడు!

ఆయన అటు తిరగ్గానే కసికొద్దీ ఇంకో చెంబు పోసింది.

ప్రయాణం ముందురోజు అమ్మ తన కుండీలోంచి ఒక ఆకు తుంచి, కాగితంలో చుట్టి, పట్టుచీర మడతలో పెట్టి ఇచ్చింది.

"పూసిన రోజు నాకు ఫోన్ చెయ్యవే" అంది.

నాలుగు నెలలు తిరక్కుండా అమ్మే పోయింది. టికెట్ దొరికేసరికి పదకొండో రోజు కూడా దాటిపోయింది. ఇంక ఎవరికోసం వెళ్ళాలి? ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు వదిన పెరట్లో కుండీలన్నీ పారేయించింది. అమ్మదంటూ లోకంలో మిగిలింది ఈ ఒక్క మొక్కే. ఒక్కసారి పూస్తే చాలు.

పువ్వు మాట దేవుడెరుగు, ఆకులే మెత్తబడి రాలిపోతున్నాయి.

మళ్ళీ శుక్రవారం ముసలాయన గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"తల్లీ, కిందంతా కుల్లిపోయింది. పైన ఒక్క ఆకే బతికుంది. అది కోసి ఇయ్యి. నేను ఎండబెట్టి ఇసకలో పెడతా. బతికించి తెచ్చిత్తా."

అమ్మ ఆకు ఈయన చేతికా! ఎవరో ఏమిటో తెలియదు. ఇలాగే మాట కలిపి ఇల్లు దోచుకుపోతారని భర్త శశికాంత్ చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. ఆయన ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు, రోజూ ఎన్ని కేసులు చూస్తున్నాడో!

"ఇవాళ శుక్రవారమండీ. ఇంట్లోంచి ఏదీ ఇవ్వకూడదు."

వదిలించుకోవడానికి మంచి సాకే దొరికిందనుకుంది. ముసలాయన మాత్రం ఆమె మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"మరెప్పుడిత్తావు?"

"బుధవారం చూద్దాం లెండి."

"బుధవారం. సరే తల్లీ."

వెళ్ళిపోయాడు. ఆయన పేరైనా విమల అడగలేదు.

ఆదివారానికి ఆ మిగిలిన ఆకు అంచు పసుపెక్కింది. విమల అన్నం మానేసి కూర్చుంది. చూడలేక శశికాంత్ సోమవారం ఆసుపత్రి నుంచే ఊళ్ళో ఉన్న పెద్ద బొటానికల్ తోటకి ఫోన్ చేశాడు.

"ఇలాంటి మొక్కలకి ఈ నటాల్ రాష్ట్రం మొత్తంలో ఒక్కడే మనిషట" అన్నాడు ఇంటికొచ్చి.

"ఎవరు?"

"డొరసామి నాయుడు. నలభై ఏళ్ళు ఆ తోటలో చేశాడట. పుస్తకాలు రాసిన దొరలు కూడా చావబోయే మొక్కని పట్టుకుని ఆయన దగ్గరికే పరిగెత్తేవారట. హోదా మాత్రం చివరిదాకా తోటకూలీనే. తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చాక పెద్ద పదవి ఇస్తామంటే, ఈ వయసులో నాకెందుకని ఇంటికెళ్ళిపోయాడట."

"మన నాయుడే!"

"మనవాడే. ఉండేది ఈ ఊళ్ళోనే, నార్త్‌డేల్‌లో. ఫోన్ లేదు. బుధవారం నాకు సెలవు, వెళ్దాం."

విమల ఆ రాత్రి కాస్త తిన్నది.

బుధవారం పొద్దున్న బయల్దేరేటప్పుడు గేటు దగ్గర ముసలాయన లేడు. పీడా వదిలిందనుకుంది.

నార్త్‌డేల్‌లో ఆ ఇంటి ముందు టెంటు వేసి ఉంది. మడత కుర్చీలు, గుమ్మం ముందు కుప్పగా చెప్పులు. గోడ పొడుగునా పెయింటు డబ్బాల్లో, నూనె టిన్నుల్లో వందల జెముళ్ళు. ఒక్కదానికీ పువ్వు లేదు.

నలభై ఏళ్ళావిడ బయటికొచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నాయుడు గారి కూతురు సావీ.

శశికాంత్ వచ్చిన పని ఇంగ్లీషులో చెప్పాడు.

ఆవిడ ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. నాన్న మొన్న సోమవారం పోయారు. గుండె. నిన్ననే దహనం అయింది.

విమల తన చేతిలో కుండీకేసి చూసుకుంది. కారు కుదుపులకి ఆ ఆకు కూడా మొదలంటా విరిగి, నీరుకారుతూ మట్టిమీద పడి ఉంది.

"పదండి" అంది భర్తతో. "ఇంక ఏం మిగల్లేదు."

సావీ ఉలిక్కిపడింది.

"తెలుగు? నువ్వు తెలుగు?"

"అవునండీ."

ఆవిడ లోపలికి పరుగెత్తి, కడిగిన చిన్న మట్టికుండీ ఒకటి పట్టుకొచ్చింది. నిండా పొడి ఇసుక.

"నాన్న సండే రెడీ చేశాడు" అంది, వచ్చీరాని తెలుగులో ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ. "బుధవారం ఆకు వస్తాది అన్నాడు. చాలా హ్యాపీ. 'సుక్కురారం ఏదీ ఇయ్యకూడదని మా అమ్మ కూడా ఇట్లే చెప్పేది, యాభై ఏళ్ళయింది ఈ మాట విని' అన్నాడు."

సావీ కుండీని విమల చేతుల్లో పెట్టింది.

"సుక్కురారం ఆకు ఇయ్యనన్న పిల్లవి నువ్వేనా?"